ఆషాఢంలో మా కాలనీ కాపురాలు

ఆ రోజుల్లో మా కాలనీలో ఎంతమంది ఉంటారని ఎవరైనా అడిగితే నేను లెక్కపెట్టుకోవాల్సిన పని ఉండేది కాదు. నేనొక్కడినే. ఆత్మకూరు దాటి మర్రిపాడు పోయే రోడ్డులో, గుట్ట పక్కన, గవర్నమెంటువాళ్లు స్థలాలిచ్చి కట్టించిన ఇళ్లు వరసలు వరసలుగా ఉండేవి. వీధి మొదట్లో పెద్ద బోర్డు ఉండేది, కరెంటు స్తంభాలుండేవి, ప్రతి ఇంటి గోడ మీదా నంబరుండేది. జనాభా అంతా పొద్దున్నే ఒకే మోపెడ్ ఎక్కి ఆత్మకూరు బజారుకు పనికి పోయి, సాయంత్రం అదే మోపెడ్ మీద తిరిగొచ్చేది. ఒంటరితనం అనేది పాటలు రాసేవాళ్లు పొట్టకూటికి కల్పించిన మాట అనుకునే వయసు నాది. అది ఉప్పులాగా, పప్పులాగా ఇంట్లో రోజూ ఉండే సరుకని నాకు ఆ కాలనీలోనే తెలిసింది.

అంత మంచి చోట నన్నొక్కణ్ణే పెట్టి మావాళ్లంతా ఎక్కడికి పోయారని మీరు అడగాలి. ఆ ఇల్లు మా అమ్మ పేరున వచ్చింది. పునాది తీసిన రోజు నుంచి స్లాబు మీద నీళ్లు కట్టిన రోజు దాకా అమ్మ ఆ గోడల పక్కనే నిలబడింది. మేస్త్రి ఒక ఇటుక వంకరగా పెడితే, అది ఆమె నడుములో గుచ్చుకున్నట్టు అరిచేది. మాఘమాసంలో పాలు పొంగించి, బజారులో ఉన్న అద్దె ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాం. ఒకే గది, చిన్న వంటిల్లు, స్నానాల గది. అమ్మ గోడలు తడిమి చూసుకుని, "ఇంక మనల్ని లెయ్‌మనే నాకొడుకు ఎవడూ ల్యా," అని మూడు జిల్లాలకు వినపడేట్టు చెప్పింది. అది నిజమే. లేవమనడానికైనా చుట్టుపక్కల మనిషంటూ ఉండాలి కదా. మిగతావాళ్లు ఇళ్లు కట్టి, తాళాలు వేసి, ఊళ్లోనే ఉండిపోయారు. కారణం ఒక్కటే. కాలనీలో కొళాయిలున్నాయి గానీ వాటిలో నీళ్లు లేవు.

వేసవి వచ్చేసరికి ఉదయగిరిలో టీచరుగా ఉన్న మా అక్కకు ఏడో నెల పడింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. కానీ పుట్టింట్లో చెంబుడు నీళ్లు కావాలంటే నేను మోపెడ్‌కు రెండు క్యాన్లు కట్టుకుని ఊళ్లోకి పోయి రావాలి. బాలింతకు, పసిబిడ్డకు పోసే నీళ్లు నా మోపెడ్ వల్ల అయ్యే పని కాదు. అందుకని కూతురు పుట్టింటికి రావడానికి బదులు పుట్టిల్లే కూతురి దగ్గరికి బయలుదేరింది. బస్సెక్కుతూ అమ్మ నాకు రెండు మాటలు చెప్పింది. మొదటిది, "ఇల్లు మాత్రం వదిలిపెట్టి పోవాకు రా అబ్బయా. కాపురం లేకుంటే పట్టా రద్దు చేస్తారంట." రెండోది, "కొళాయిలో నీళ్లు పడిన రోజు నాకు ఫోన్ చెయ్యి. బిడ్డనూ తల్లినీ ఎత్తుకొని ఆ పూటే వచ్చేస్తా." నాయన లారీ డ్రైవరు. మా రోడ్డు మీదుగానే బద్వేలుకు లోడుతో పోతూ మా కాలనీ దగ్గర రెండుసార్లు హారన్ కొట్టేవాడు. అంటే తాను బాగున్నట్టు. తిరిగి చెప్పడానికి నా దగ్గర హారన్ లేదు కాబట్టి, నేను బాగున్నానో లేదో ఆయనకు తెలిసేది కాదు.

మొదట్లో రాజా లాగానే ఉండింది. ఎంత పెద్దగా పాడినా అడిగేవాడు లేడు. కొన్నాళ్లకు నేను దగ్గితే ఎదురింట్లోంచి ఎవరో దగ్గినట్టు వినిపించడం మొదలైంది. (ఖాళీ ఇల్లు మనిషి గొంతును మళ్లీ మనిషికే ఇచ్చేస్తుంది, ఉంచుకోదు.) దొంగలకు మనుషులున్నట్టు కనబడాలని గడప దగ్గర అమ్మ పాత చెప్పులు, నాయన పాత చెప్పులు పెట్టాను. వాటికి దొంగలు మోసపోయారో లేదో నాకు తెలియదు గానీ, నేను మాత్రం రోజూ మోసపోయాను. సాయంత్రం మోపెడ్ దిగగానే ఆ చెప్పులు కనబడి, ఎవరో వచ్చినట్టుందే అని ఒక్క క్షణం కాళ్లు గబగబా పడేవి. మధ్యాహ్నాలు మర్రిపాడు వైపు నుంచి వచ్చే గొర్రెలు ఖాళీ వరండాల నీడలో పడుకునేవి. సెలవు రోజుల్లో నేను వాటిని పలకరించేవాణ్ని. అవి మర్యాద తెలిసినవి, చెప్పేదంతా వినేవి. నేను పనిచేసే సరుకుల షాపులో శెట్టిగారు ఒకరోజు నా మొహం చూసి, "ఏందిరా, బియ్యం బస్తాలతో కూడా మాట్లాడతా ఉండావు?" అన్నారు. నేను లెక్క చెప్పుకుంటున్నానని బుకాయించాను.

ఇలా కాదని ఒకరోజు హౌసింగ్ సారు దగ్గరికి పోయాను. ఆయన మంచివాడు, కసురుకోలేదు. "చూడబ్బాయ్, మనుషులే లేని కాలనీకి నీళ్ల లైను వేయించండి అని నేను పైకి ఎలా రాసేది? ముందు కాపురాలు రానీ," అన్నారు. "నీళ్లు లేందే కాపురాలు రావు గదా సార్," అన్నాను. "కాపురాలు లేందే నీళ్లు రావు గదయ్యా," అన్నారు ఆయన. ఇద్దరిదీ న్యాయంగానే కనబడింది. చివరికి ఆయన జాలిపడి, వచ్చే వారంలో ఒకరోజు చూడడానికి వస్తానని, ఆ రోజు పొయ్యిలు వెలుగుతూ, మనుషులు తిరుగుతూ కనబడితే తప్పకుండా రాస్తానని మాటిచ్చారు. నేను ఆఫీసు మెట్లు దిగేటప్పటికే నా చెవుల్లో కొళాయి చప్పుడు వినబడుతోంది. దాని వెనకే అమ్మ మాట కూడా.

ఇళ్లవాళ్లంతా ఎక్కడుంటారో నాకు తెలుసు. సగంమంది మా శెట్టిగారి షాపులో సరుకులు తీసుకునేవాళ్లే. మొదట బస్టాండు దగ్గర దోసెలు పోసే పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె ఇల్లు కాలనీలో మా ఎదురిల్లే. (నేను దగ్గితే దగ్గేది ఆ ఇల్లే.) విషయం చెప్పి, ఒక్క రోజు వచ్చి పొయ్యి వెలిగించి పొమ్మన్నాను. ఆమె అట్లకాడ అలాగే పట్టుకుని నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది. "ఆషాడంలో పాలు పొంగియ్యమంటావా? నీకు పెద్దోళ్లు ఏం చెప్పలేదా?" అంది. నీళ్ల కోసం పరుగెత్తే కంగారులో నెలేదో చూసుకోలేదు. ఆషాఢమాసంలో మావైపు కొత్త ఇంట్లో ఎవరూ అడుగు పెట్టరు. అక్కడి నుంచి ఆస్పత్రి కంపౌండరు భార్య కంపౌండరమ్మ ఇంటికి పోయాను, అదే మాట. వీధి వీధీ తిరిగాను, అదే మాట. దర్జీ భాయ్ ఒక్కడే, "మాకు ఆషాడం లేదు గదా, నేను మా ఇంటామెను తీసుకొని వస్తాలే తమ్ముడూ," అన్నాడు. రెండిళ్ల కాలనీకి నీళ్ల లైను వేయరు. ఆ సాయంత్రం మళ్లీ పెద్దమ్మ బండి దగ్గరికే చేరి, దోసె ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాను. ఆ రోజు నా మొహం ఎలా ఉండిందో గానీ, పెద్దమ్మ రెండు దోసెలు మాడ్చుకుంది.

ఆమె ఆలోచిస్తే అంతే, దోసెలు మాడతాయి. కాసేపటికి, "ఒరే అబ్బయా, మనింట్లో మనం పొయ్యి పెడితే గదా గృహప్రవేశం? పక్కోళ్లింట్లో ఉప్మా చేసుకొని తింటే దానికేం తిథి? దానికేం నక్షత్రం? అది చుట్టపుచూపు," అంది. నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి ఆమె కాళ్లకు దండం పెట్టాను. ఎవరింట్లోకి వాళ్లు పోకూడదు, అంతే. కంపౌండరమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉంటుంది, పెద్దమ్మ ఇంకొకరి ఇంట్లో ఉంటుంది. సారుకు కావలసింది పొగ, మనుషులు. అవి రెండూ ఉంటాయి. ఆషాఢానికి కోపం రాదు. ఈ ఉపాయం ఊళ్లో నాకంటే ముందే పరుగెత్తింది. నన్ను గుమ్మంలోంచే పంపేసిన ఇంటావిడలు మరునాడు షాపుకొచ్చి, "మాకు తూర్పు వాకిలి ఇల్లు ఇప్పిచ్చు నాయనా," అని అడగడం మొదలుపెట్టారు. ఒక్క పూట ఉప్మాకు వాకిలి తూర్పైతే ఏమిటి, పడమరైతే ఏమిటని నేను అడగలేదు. అప్పటికి నా తెలివి అంతా పెద్దమ్మ దగ్గర తాకట్టులో ఉంది.

ఆ రోజు వచ్చింది. తెల్లవారగానే ఆటోలు, మోపెడ్‌లు, ఒక ట్రాక్టరు. ఇంటింటి ముందూ కల్లాపి, ముగ్గులు. (నీళ్లు ఊళ్లోంచి బిందెలతో తెచ్చుకున్నారు. ముగ్గు లేని వాకిలి పరాయిదైనా సరే వాళ్లు భరించలేరు.) పిలకాయలు వీధుల్లో పరుగెత్తుతున్నారు. తాలింపు వాసన, మాటలు, అరుపులు, ఎవరింట్లోనో కుక్కరు కూత. నేను మా గడపలో నిలబడి చూస్తుంటే కళ్లు చెమర్చాయి. పొగకేమో అనుకున్నాను గానీ పొగ అటువైపు పోతోంది. అమ్మ కూడా ఆ పూట మొదటి బస్సుకు వస్తానని చెప్పింది. తన పేరున ఉన్న ఇంటి చుట్టూ ఆ సందడి కళ్లారా చూడాలంది. బస్సు వచ్చే వేళకు బస్సు రాలేదు, ఫోన్ వచ్చింది. "అక్కకు నొప్పులు మొదలైనయిరా. ఆస్పత్రికి పోతా ఉండాం. నేను రాలేను అబ్బయా, నువ్వే చూసుకో," అని పెట్టేసింది.

సారు జీపు దిగి మా వీధి చూసి ఉబ్బితబ్బిబ్బయ్యారు. "శభాష్ అబ్బాయ్," అని నా భుజం తట్టారు కూడా. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆయన చేతిలో ట్యాబు ఉంది. అందులో ఇంటి నంబరు నొక్కితే ఆ ఇంటి యజమానురాలి ఫోటో వస్తుంది. ఇది మా ఉపాయంలో లేదు. మొదటి ఇల్లు దర్జీ భాయ్ వాళ్లది. లోపల దోసెల పెద్దమ్మ ఉప్మా కలుపుతోంది. సారు ఫోటో చూశారు, పెద్దమ్మను చూశారు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏమ్మా, ఈ ఇల్లు నీదేనా?"

వెలిగే పొయ్యి ముందు పెద్దమ్మ అబద్ధం చెప్పదు. "కాదు సార్, భాయ్ వాళ్లది."

"మరి నువ్వెందుకున్నావు?"

"ఉప్మా చేస్తా ఉండా సార్."

"నీ ఇల్లేది?"

"అదో, ఎదురు వరసలోది. దాంట్లో కంపౌండరమ్మ ఉండాది."

"మరి కంపౌండరమ్మ ఇంట్లో?"

"ఆమె ఇంట్లో ఎవురుండారో ఆమెను అడగాల సార్, నాకెట్టా తెలుస్తాది?"

సారు ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెలుగుతోంది, ప్రతి ఇంట్లోనూ మనుషులున్నారు, ఒక్క ఇంట్లోనూ ఆ ఇంటివాళ్లు లేరు. అడిగితే అందరిదీ ఆషాఢమనే ఒకే జవాబు. నాలుగు ఇళ్లవతల దర్జీ భాయ్ భార్యాసమేతంగా ఎవరింట్లోనో చాప మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సారుకు కొంచెం ఆశ కలిగింది. "నీకేం ఆషాఢం భాయ్? నీ ఇంట్లో నువ్వుండొచ్చు గదా?" అన్నారు. భాయ్ లేచి నిలబడి వినయంగా, "నాకు లేదు సార్, పెద్దమ్మకు ఉండాది. మేం వచ్చేసరికే ఆమె మా ఇంట్లో పొయ్యి పెట్టేసింది. ఇంక మేం యాడికి పోవాల?" అన్నాడు. సారు వీధి మధ్యలో నిలబడిపోయారు. "కాలనీ మొత్తం ఒకరి ఇల్లు ఒకరు ఆక్రమించుకున్నారని రాయమంటారా నన్ను?" అని గట్టిగా అడిగారు. పెద్దమ్మ ఉప్మా గంటెతోనే బయటికొచ్చి, "ఆక్రమణ ఏంది సార్, ఆషాడం. శ్రావణం పడనీ, ఎవురింటికి వాళ్లం పోతాం," అంది. సారు ఉన్నట్టుండి నవ్వేశారు. "నెల్లూరులో నా సొంత ఇంటికి తాళం వేసి, శ్రావణం వచ్చేదాకా మా ఆవిడ నన్ను అద్దె ఇంట్లో కూర్చోబెట్టింది. నేనెవరికి చెప్పుకునేది?" అన్నారు. వీధంతా గొల్లున నవ్వింది.

చివరికి మా ఇంటికి వచ్చారు. "ఇదొక్కటన్నా సరైన ఇల్లేనా అబ్బాయ్?" అన్నారు. నేను గర్వంగా తలుపు తీశాను. దండెం మీద నా బట్టలు, మూలన ఆవకాయ జాడీ, గోడకు క్యాలెండరు, నలిగిన పక్క. కాలనీ మొత్తం మీద నిజంగా కాపురమున్న ఇల్లు అదొక్కటే. సారు ట్యాబులో అమ్మ ఫోటో చూసి, "అమ్మగారేరి?" అన్నారు. సంగతి చెప్పాను. ఆయన నొచ్చుకుంటూ, "అయితే ఈ ఇంట్లో ఎవరూ లేరనే రాయాలి," అన్నారు. "నేనున్నా గదా సార్," అన్నాను. "నువ్వు కాదబ్బాయ్. మీ అమ్మగారు." అందరూ మళ్లీ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇన్ని నెలలు నేను కాపలా ఉన్నది ఎవరూ లేని ఇంటికట. సారు రాసేదాంట్లో తప్పేమీ లేదని కూడా నాకు తెలుసు. శ్రావణంలో మళ్లీ వస్తాను, ఈసారి ఎవరిళ్లలో వాళ్లుండండి అని చెప్పి, పెద్దమ్మ పెట్టిన ఉప్మా తిని సారు జీపెక్కారు.

మధ్యాహ్నం దాటాక అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వీధిలోకి పరుగెత్తి చెప్పాను. ఊరూ పేరూ పూర్తిగా తెలియని మనుషులు నన్ను మేనమామా మేనమామా అని పిలిచారు. కంపౌండరమ్మ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. దర్జీ భాయ్ పాపకు గౌను కుట్టి ఇస్తానన్నాడు. ఆ గంటసేపు నాకు ఎంతమంది చుట్టాలో చెప్పలేను. పొద్దు వాలేసరికి అందరూ గిన్నెలు కడక్కుండానే మూటలు కట్టారు. కడగడానికి నీళ్లు లేవు. "ఈ పూటకు ఉండండి పెద్దమ్మా," అన్నాను. అడగకూడదని తెలిసీ అడిగాను. "ఎట్టా ఉండేదిరా అబ్బయా, తాగను నీళ్లు కూడా ల్యాకపోయె," అని ఆమె నా తల నిమిరి ఆటో ఎక్కింది. ఆఖరి ఆటో రోడ్డెక్కాక నేను వెనక్కి తిరిగి చూశాను. ప్రతి వాకిట్లోనూ ముగ్గు ఉంది. తొక్కేవాళ్లు లేరు. ఇంటికి పోవడానికి ఆ ముగ్గుల మధ్యలోంచి పక్కలకు తప్పుకుంటూ నడిచాను. వాటి మీద కాలు పడితే ఎవరో తిడతారన్నట్టు నడిచాను. ఎవరైనా తిడితే ఎంత బాగుండు అని కూడా అనుకున్నాను.

శ్రావణంలో సారు మాట ప్రకారమే వచ్చారు, మావాళ్లూ మాట ప్రకారమే ఎవరింట్లో వాళ్లు పాలు పొంగించారు. ఆయన రాశారు, పైవాళ్లు విన్నారు, గుంతలు తవ్వారు, పైపులు పడ్డాయి. కార్తీకంలో ఒక ఉదయం మా కొళాయి మొదట బుసకొట్టింది, తర్వాత ఎర్రటి నీళ్లు కక్కింది, ఆ తర్వాత తెల్లగా పారింది. నేను చేతులు తుడుచుకోకుండానే ఫోన్ అందుకున్నాను. "అమ్మా, నీళ్లొచ్చినాయి. ఇదో, విను," అని ఫోన్‌ను కొళాయి దగ్గర పెట్టాను. అమ్మ విన్నది. "శానా సంతోషం రా నాయనా," అంది. "అక్కకు కాన్పు సెలవు అయిపోయింది, బడికి డ్యూటీకి పోతా ఉండాది. ఈ పిల్ల నన్ను తప్ప ఎవుర్నీ ఎత్తుకోనీదు. ఇంకొన్నాళ్లు పోనీరా," అంది. వెనక పాప ఏడుపు వినిపించింది. అమ్మ నాతో మాట్లాడుతూనే పాపకు జోకొట్టడం మొదలుపెట్టింది. సరేనమ్మా అన్నాను. బకెట్టు నిండి నీళ్లు పొర్లిపోతున్నా కాసేపు కొళాయి కట్టలేదు.

ఆ ఇంకొన్నాళ్లు ఇంకా అవలేదు. మొదటి పిల్ల తర్వాత అక్కకు రెండో పిల్ల, ఆ పిల్లల బళ్లు, నాయన కూడా లారీ మానేసి ఉదయగిరిలోనే చేరడం. అమ్మ తప్పేమీ లేదు, ఎవరి తప్పూ లేదు. కాలనీ మాత్రం నిండిపోయింది. పెద్దమ్మ గ్రైండరు పొద్దున్నే మొదలవుతుంది. నీళ్లొచ్చే వేళకు కొళాయిల దగ్గర జరిగే యుద్ధాలు తీర్చడానికి, పాత కాపురస్తుణ్నని నన్నే పిలుస్తారు. నాకూ పెళ్లయింది, ఒక కొడుకు. పక్కింట్లో ఇప్పుడు మేళం వాయించేవాళ్లున్నారు. ఆ మోతకు వాడు నిద్రపోవడం లేదని ఒక్కోసారి విసుక్కుని పక్కింటికి చెప్పడానికి బయలుదేరతాను. సగం దూరం పోయి ఏమీ అనకుండా తిరిగొస్తాను.

అమ్మ ఎప్పుడైనా రెండు రోజులకు వస్తుంది, చిన్న సంచితో. పోయినసారి వచ్చినప్పుడు గడప బయటే నిలబడి, "ఏమ్మా, లోపలికి రావచ్చునా?" అని నా భార్యను వేళాకోళమాడింది. పట్టా ఆమెది, గోడలు ఆమెవి, గోడ మీద రాసిన పేరు ఆమెది. "నీ ఇల్లే గదమ్మా," అన్నాను. "అవునంట," అని అందరికంటే పెద్దగా నవ్వింది. నేనూ నవ్వాను. కొళాయి తిప్పితే అమ్మ వచ్చేస్తుందని నమ్మి, ఊరంతా తిరిగి కనబడినవాళ్లనల్లా బతిమాలిన ఆ కుర్రవాడు నాకు అప్పుడు గుర్తొచ్చాడు. పాపం, ఎంత హడావుడి పడ్డాడో. ఆమె రెండో రోజు సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది.